అన్న కోసం ఆ మాత్రం చెయ్యలేవా?

తెలుగునాట ఒక కొలువుంది. జీతం లేదు, టీఏ లేదు, కూర్చోవడానికి కుర్చీ లేదు. అయినా దాని కోసం సిఫార్సులు నడుస్తాయి, అలకలు నడుస్తాయి, ఒక్కోసారి కాలర్లు పట్టుకోవడాలూ నడుస్తాయి. అదే ప్రీ రిలీజ్ ఈవెంట్లో వాలంటీరు కొలువు. మెడలో ట్యాగు, ఒంటి మీద హీరో బొమ్మ టీషర్టు, చేతిలో తాడు. ఇక ఆ రోజుకి ఆకలి, దాహం, అలసట అన్నీ బంద్.

ఎందుకంటే అభిమానికి అలసట ఉండదట. అభిమాన సంఘాల పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. పొద్దున కుర్చీలు మోసి, మధ్యాహ్నం ఎండలో ఫ్లెక్సీలు కట్టి, సాయంత్రం గేటు దగ్గర తోపులాటలో నలిగిన కుర్రాడు "అన్నా, కాస్త కూర్చుంటా" అన్నాడో, జవాబు సిద్ధంగా ఉంటుంది: "అన్న కోసం ఆ మాత్రం చెయ్యలేవా?" ఈ ఒక్క ప్రశ్నకి ఉన్న బలం ఏ లేబర్ కాంట్రాక్టరు కేకకీ లేదు. కాంట్రాక్టరైతే కనీసం సాయంత్రానికి కూలి లెక్క చూడాలి.

వీఐపీ గేటు దగ్గర ఆ కుర్రాణ్ణి ఒక్కసారి చూడండి. పాసు లేని పెద్దమనిషి వచ్చి "నేనెవరో తెలుసా?" అంటాడు. పాసున్న పేదవాడు "నన్నెందుకు ఆపావు?" అంటాడు. లోపలికి వదిలితే ఆర్గనైజరు తిడతాడు, ఆపితే జనం తిడతారు. ఇంతలో హీరో కారు వస్తుంది. మైదానమంతా ఫోన్లు లేస్తాయి. వాలంటీర్లు చేయీ చేయీ పట్టుకుని గొలుసు కడతారు. గొలుసు కట్టాలంటే జనం వైపు తిరగాలి, అంటే వేదికకి వీపు పెట్టాలి. అక్కడున్న అందరికన్నా అన్నంటే ఎక్కువ ప్రాణమిచ్చేవాడే ఆ రాత్రంతా అన్నకి వీపు చూపిస్తాడు. హీరో వచ్చాడో, చెయ్యి ఊపాడో, తొడ కొట్టాడో ఎదుటివాళ్ల కేకలు విని గ్రహించుకోవాలి. మర్నాడు యూట్యూబులో చూసుకుని "నేను అక్కడే ఉన్నాను" అని చెప్పుకోవాలి.

పోనీ, ఆ రాత్రి అందరూ ప్రేమ కోసమే వచ్చారా? యాంకరమ్మకి పేమెంటుంది. డ్యాన్సు ట్రూపుకి ఉంది. ఎల్ఈడీ తెరలకి, జనరేటరుకి, క్యాటరింగుకి బిల్లులున్నాయి. అదే తాడుని అటు చివర పట్టుకున్న బౌన్సరుకీ డబ్బులున్నాయి. జనం తోసినప్పుడు దెబ్బ మాత్రం ఇద్దరికీ సమానం.

"ఇది సేవండీ, సేవకి వెల కడతారా?" అంటారు. సరే, సేవనే చూద్దాం. తిరుమలలో 2000 సంవత్సరంలో శ్రీవారి సేవ మొదలైంది. ఊళ్లనుంచి జనం వెళ్లి వారం రోజులు క్యూలైన్లలో, అన్నదాన సత్రంలో పనిచేసి వస్తారు. వాళ్లకి బస ఉంటుంది, భోజనం ఉంటుంది, చివర్లో స్వామి దర్శనం ఉంటుంది. వడ్డీలు కట్టుకుంటున్న దేవుడే సేవకుడి సంగతి ఇంతలా చూసుకుంటుంటే, ఈ వెండితెర దేవుళ్లు మాత్రం దర్శనం కూడా ఇవ్వకుండా కారెక్కేస్తున్నారు.

"ఎవరూ బలవంతం చేయలేదుగా?" అన్నది ఆఖరి అస్త్రం. నిజమే, చేయలేదు. ఇష్టంతోనే వచ్చాడు. కానీ అన్నకి కూడా నటనంటే ప్రాణమని ప్రతి ఇంటర్వ్యూలో చెబుతాడే! ఆ ప్రాణానికి రెమ్యునరేషన్ మీద ఎవరూ ఒక్క సున్నా కొట్టేసినట్టు వినలేదు. ఇష్టమున్న పనికి డబ్బు తీసుకోవడం వేదిక మీద పుణ్యం, వేదిక కింద పాపం ఎలా అవుతుంది?

2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోసం తెలుగు సినీ కార్మికులు సమ్మె కట్టారు. షూటింగులు ఆగాయి, చర్చలు జరిగాయి, చివరికి ఎంతో కొంత పెరిగింది. అదే నెల 10న హైదరాబాద్ యూసుఫ్‌గూడ పోలీసు మైదానంలో 'వార్ 2' సినిమా ప్రీ రిలీజ్ వేడుక మాత్రం జనంతో కిటకిటలాడింది. సమ్మె చేయాలంటే ముందు జీతమంటూ ఉండాలి కదా. అభిమానికి ఆ బెడద లేదు.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. 2024 సెప్టెంబరు 22న హైదరాబాద్ నోవాటెల్ హోటల్లో 'దేవర' ప్రీ రిలీజ్ వేడుక జనం పోటెత్తడంతో రద్దయింది. అదే ఏడాది డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటరు దగ్గర 'పుష్ప 2' ప్రీమియరు తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. జనాన్ని అదుపు చేయడం తర్ఫీదు కావాల్సిన పని. పొద్దుటినుంచి తిండిలేని పిల్లాడికి ఒక ట్యాగు తగిలించి, తాడు చేతికిచ్చి, వేలమంది ముందు నిలబెట్టడాన్ని అభిమానం అనరు, తెగింపు అంటారు. అదీ ఇతరుల ప్రాణాలతో.

కార్యక్రమం ముగిశాక హీరో మైకందుకుని ఆప్యాయంగా అంటాడు: "అందరూ జాగ్రత్తగా ఇంటికి వెళ్లండి, మీ ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తుంటారు." మంచి మాట. కాకపోతే ఆ మాట వాలంటీరుకి వర్తించదు. వాడింకా కుర్చీలు పేర్చాలి, బారికేడ్లు లారీకెక్కించాలి, అప్పటికి చల్లారిన బిర్యానీ పొట్లం మిగిలిందేమో వెతుక్కోవాలి.

నిర్మాతలకి ఒక మనవి. షిఫ్టు ఇన్ని గంటలని చెప్పండి. వేళకి అన్నం పెట్టండి. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు మీదేనని రాసివ్వండి. రోజు కూలి చేతిలో పెట్టండి. అంత డబ్బు నష్టమా అని బెంగ వద్దు. ఆ కుర్రాడు ఆ కూలితోనే మీ సినిమాకి మొదటిరోజు నాలుగు టికెట్లు కొంటాడు, మిగిలినదానికి అన్న పేరున ఫ్లెక్సీ కట్టిస్తాడు. మీ రూపాయి మీ దగ్గరికే తిరిగొస్తుంది, జీఎస్టీతో సహా.