లిస్టులో లేనిదంతా కంకరే

(పెనుకొండ బస్టాండు పక్కన టీ అంగడి. పాత్రలు: హిందూపురం కంట్రాక్టరు, రిటైరైన చరిత్ర సారు, ధర్మవరం పట్టుచీరల వ్యాపారి. వీళ్లు మాట్లాడుకునే రోడ్డు ఏ ప్లానులోనూ లేదు, వెతకొద్దు. గోడలు, గుళ్లు, చట్టాలు మాత్రం ఉన్నవే.)

కంట్రాక్టరు: నమస్తే సార్! గుర్తుపట్టినారా? టెన్త్‌లో మీ సబ్జెక్టే పోగొట్టుకున్నోణ్ని.

సారు: పట్టకేమబ్బా. తళ్లికోట యుద్ధం ఎప్పుడు జరిగిందంటే ‘ఎండాకాలం సెలవుల్లో’ అని రాసినోడివి.

కంట్రాక్టరు: ఇప్పుడడగండి చెప్తా. 1565. యుద్ధం పోయినాక తిరుమలరాయలు హంపి వదిలిపెట్టి పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. మా డీపీఆర్ మొదటి పేజీలో ఇదే రాయించినాం. ‘చారిత్రక పట్టణానికి వేగవంతమైన అనుసంధానం.’

సారు: రెండో పేజీలో?

కంట్రాక్టరు: రెండో పేజీ నుంచి కొట్టేటివి.

వ్యాపారి: కొట్టనీ సార్. ధర్మవరంలో టిఫిన్ తిని బయల్దేరితే లేపాక్షి నంది కాడికి గంటలో పోవల్ల. బెంగళూరు టూరిస్టులు అట్లే మా అంగడికి తిరుక్కుంటారు.

సారు: మీ అంగట్లో లేపాక్షి అంచు చీరలుండాయి కదా?

వ్యాపారి: అదే బాగా పోయే సరుకు. గుడి పైకప్పు మీద బొమ్మల్లో ఆడోళ్లు కట్టుకున్న చీరలుండాయే, ఆ డిజైన్లే. అచ్యుతరాయల కాలంలో గీసినవి, ఇప్పటికీ ఫ్యాషన్ పోలేదు.

సారు: టిప్పర్ల దుమ్ము పడి ఆ రంగులే పోతే?

వ్యాపారి: పోతే పోనీ. డిజైనంతా కంప్యూటర్‌లో ఎక్కించినాం.

కంట్రాక్టరు: లేపాక్షి గురించి భయం లేదు సార్. అది కేంద్ర పురావస్తు శాఖ లిస్టులో ఉండాది. గుడికి 100 మీటర్ల దాకా పార పెట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్ లేనిదే పెట్టకూడదు. 2010లో చట్టం ఇంకా బిగించినారు. ఆ లెక్కన మేము 301వ మీటరు నుంచి మొదలుపెడతాం.

సారు: 301వ మీటర్లో వైబ్రేటర్ రోలరు తిప్పితే గుడిలో వేలాడే స్తంభం ఏమయితాది?

కంట్రాక్టరు: ఏమయితాది? కిందికి దిగి నేలమీద కుదురుగా నిలబడుతుంది. ఇన్ని వందల ఏండ్ల నుంచి ఎవరూ చేయని రిపేరు.

వ్యాపారి: (నవ్వి) మన విరూపణ్ణకు లేని తెలివి!

కంట్రాక్టరు: విరూపణ్ణ కథ వింటే నాకు కండ్లనీళ్లు వస్తాయి సామీ. ఖజానా చూసుకునే మనిషి. శాంక్షన్ లేకుండా గుడి కట్టినాడని రాజుకు చాడీ చెప్పినారంట. ఆడిట్ పడేలోపల తన కండ్లు తానే పీకి గోడకేసి కొట్టుకున్నాడని ఊరోళ్లు చెప్తారు. ఆ కాలంలో సప్లిమెంటరీ బిల్లు పెట్టుకునే సౌకర్యం ఉంటే ఇంత ఘోరం జరిగేదా?

సారు: సరే, లేపాక్షి లిస్టులో ఉంది. మరి ఈ ఊరు? పెనుకొండలో 100 మీటర్లు యాడ నుంచి కొలుస్తావు? గగన్ మహల్ నుంచా? బాబయ్య దర్గా నుంచా? పార్శ్వనాథుని గుడి నుంచా? తిమ్మరుసును పెట్టినారని చెప్పుకునే బందీఖానా నుంచా? ఇది కట్టడాలున్న ఊరు కాదు నాయనా, కోట లోపల కాపురమున్న ఊరు. బురుజులు, ప్రాకారం గోడలు, కోనేర్లు, చేన్ల గట్లమీద వీరగల్లులు, అన్నీ కలిస్తేనే పెనుకొండ.

కంట్రాక్టరు: (ప్లాను విప్పి) వీరగల్లులు ఇందులో లేవు సార్.

సారు: ఎందుకు లేవు?

కంట్రాక్టరు: ప్లాను ఢిల్లీలో శాటిలైట్ బొమ్మ మీద గీసినారు. వీరగల్లు మూడడుగుల రాయి, పైనుంచి కనపడుతుందా? లిస్టులో ఉంటే శిల్పం, లిస్టులో లేకుంటే కంకర. మా లైనులో ఇంతకంటే పెద్ద శాస్త్రం లేదు. ఇంకో గుట్టు చెప్తా, బయట అనొద్దండి. క్వారీ రాయికి సీనరేజీ కట్టల్ల, పేల్చల్ల, మోయల్ల. కోటరాయికి సీనరేజీ లేదు, చెక్కినోడికి కూలీ లేదు. రాయలవారు ముందే ఇచ్చినారు.

సారు: గీయకముందే ఒక మనిషి ఈ గట్లమ్మట నడిచిపోయి ఉంటే? ఒక గొర్రెల కాపరిని తోడు పిలుచుకున్నా చాలు, ఏ రాతి మీద అక్షరాలుండాయో వేలు పెట్టి చూపిస్తాడు.

కంట్రాక్టరు: గొర్రెల కాపరికి ఎస్టిమేటులో హెడ్ లేదు సార్.

వ్యాపారి: దేవుడుంటే మాత్రం చూసుకొని పోండబ్బా. కోట ఎర్రమంచి వాకిలి కాడ 11 అడుగుల ఆంజనేయస్వామి ఉండాడు.

కంట్రాక్టరు: అయ్యో, స్వామిని ముట్టుకుంటామా! కొబ్బరికాయ కొట్టి, పది అడుగులు పక్కకు జరుగుతాం. దేవుడికి జనం ఉండారు. ఉత్త గోడకు ఎవరుండారు?

(సారు గ్లాసు కింద పెట్టినాడు. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాలేదు. ఎర్రమంచిలో ఇప్పుడు అందరికీ తెలిసింది కియా కార్ల ఫ్యాక్టరీ. వాకిలి సంగతి అడిగితే ఏ గేటు అంటారు, కంపెనీ గేటా అని.)

సారు: మీ డిపార్టుమెంటుకు ఇది కొత్తేం కాదులే. భట్టిప్రోలు స్తూపం తెలుసా? 1870 ప్రాంతంలో పబ్లిక్ వర్క్స్ వాళ్లు దాన్ని పడగొట్టి, పాలరాయి తీసుకుపోయి వెల్లటూరు కాలువ తూముకు వాడుకున్నారు.

కంట్రాక్టరు: (ఉప్పొంగి) అంటే మాకు ఇంత చరిత్ర ఉందా! ఈ సంగతి మీరు టెన్త్‌లోనే చెప్పింటే నేను ఎందుకు ఫెయిలవుదును సార్?

సారు: 1892లో అలెగ్జాండర్ రే అనే దొర మిగిలిన దిబ్బను తవ్వితే లోపల ధాతువుల పేటికలు దొరికినాయి. వాటిమీద బ్రాహ్మీ అక్షరాలు.

కంట్రాక్టరు: పునాది దాకా పోకుండానే బిల్లు పెట్టుకున్నారన్నమాట. క్వాలిటీ లేదు.

సారు: హరప్పా ఇటుకలను లాహోర్–ముల్తాన్ రైలు పట్టాల కింద వేసినారు. దగ్గర దగ్గర 160 కిలోమీటర్లు.

కంట్రాక్టరు: మంచి ఇటుక. ఇంకా అంత అడ్డమైతే తరలిద్దాం సార్. నాగార్జునకొండను తరలించలేదా?

సారు: అక్కడ డ్యాం నీళ్లు వచ్చేలోపల ఆరేండ్లు తవ్వి, రాసుకొని, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి చేర్చినారు. నీకెంత టైమిచ్చినారు?

కంట్రాక్టరు: నాకా? 2026 జనవరిలో పుట్టపర్తి కాడ 24 గంటల్లో 10,655 టన్నుల తారుకంకర పరిచి గిన్నిస్ బుక్కులోకి ఎక్కినారు. ఇప్పుడు మాక్కూడా అట్లనే చేయమని ఒత్తిడి.

సారు: లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఇంకా అక్కడే ఉంది. ఆ ఊరికి గిన్నిస్ స్పీడు ఎవరూ అడగరు.

వ్యాపారి: పర్మనెంట్ అయితే రోడ్డు ఇంకా వెడల్పు కావల్ల కదా సార్?

సారు: జర్మనీలో డ్రెస్డెన్ అని ఒక ఊరు. 2004లో నదీలోయ మొత్తం ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నాలుగు లేన్ల బ్రిడ్జి కడతామని పట్టుబట్టినారు. 2009లో యునెస్కో పేరు కొట్టేసింది.

కంట్రాక్టరు: బ్రిడ్జి కొట్టేసినారా?

సారు: లేదు. కట్టినారు.

కంట్రాక్టరు: ఇంకేంది మరి! అయినా మన పార్లమెంటు మాకంటే ముందుంది సార్. 2018 జనవరిలో లోక్‌సభ బిల్లు పాసు చేసింది, ప్రభుత్వ పనులైతే ఆ 100 మీటర్ల లోపల కూడా కట్టుకోవచ్చని. రాజ్యసభోళ్లే సెలెక్ట్ కమిటీ అంటూ అడ్డం పడినారు.

సారు: నేను అడిగేది ఒక్కటే నాయనా. ఈ బురుజు కాడ రోడ్డును యాభై గజాలు తూర్పుకు వంచలేవా?

కంట్రాక్టరు: యాడ కుదురుతుంది సార్! రోడ్డంటే కారు స్టీరింగు తిప్పే పని లేకుండా పోవల్ల. ఇంజనీరింగు ఒప్పుకోదు.

సారు: (ప్లాను మీద వేలు పెట్టి) మరి ఇక్కడ చెరువు దిగువన ఇంత వంపు తిరిగిందే? కొండచిలువ మింగినట్టుంది.

కంట్రాక్టరు: (గొంతు తగ్గించి) అదా… అక్కడ మన అన్న వెంచర్ పడింది. రోడ్డు మధ్యలో పోతే ప్లాట్లు పోతాయి, పక్కన పోతే రేటు పెరుగుతాది. అందుకని ఇంజనీరింగే కొంచెం వంగింది.

సారు: ఏ అన్న?

కంట్రాక్టరు: ఏ పార్టీ వచ్చినా అన్న ఉంటాడు సార్, పేరెందుకు. మీరు పాత గురువుగారు కాబట్టి ఒక ఉపాయం చెప్తా. పురావస్తు శాఖకు అర్జీలు మానేయండి. ఆ బురుజు చుట్టూ నాలుగు రంగురాళ్లు పాతి, ‘శ్రీకృష్ణదేవరాయ గ్రీన్ సిటీ’ అని ఫ్లెక్సీ కట్టించండి. రోడ్డు దానంతటదే పక్కకు పోతాది.

వ్యాపారి: ఈస్టు ఫేసింగ్ ఉంటే నాకొకటి పెట్టండి సార్. అడ్వాన్సు ఇప్పుడే ఇస్తా.