వేషం బ్యాగులో పెట్టుకొని

అక్టోబరు సగం దాటిందంటే మలక్‌పేట, మూసారాంబాగ్ గల్లీల అద్దెగదుల్లో మహాసభలు మొదలవుతాయి. గ్యాస్ బండకు ఎవరెంత వేసుకోవాలో తేల్చడానికి పది నిమిషాలు కలిసి కూర్చోని రూమ్మేట్లు, హాలోవీన్ పార్టీకి ‘గ్రూప్ థీమ్’ ఏం పెట్టాలో తేల్చడానికి రాత్రి రెండింటి దాకా కూర్చుంటారు. ఇందుకోసం వాట్సాప్‌లో కొత్త గ్రూపు పుడుతుంది. పాత రూమ్ గ్రూపు పనికిరాదు. అందులో కట్టని కరెంటు బిల్లు పిన్ చేసి ఉంటుంది. పోల్ పెడతారు. ఓటెయ్యనివాణ్ణి బాత్రూం తలుపు కొట్టి మరీ వేయిస్తారు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఈ నగరం సగం కూడా ఓటు వేయలేదు. ఈ గదిలో మాత్రం నూటికి నూరు శాతం పోలింగు. ఫలితం హంగ్.

ఐదుగురున్నాం కాబట్టి పాండవులమవుదామన్నాడు ఒకడు. భలే అన్నారు. తీరా చూస్తే ఐదుగురికీ అర్జునుడే కావాలి. భీముడనగానే తన పొట్టను ఎత్తిచూపారని ఒకడు అలిగాడు. అద్దె లెక్కలు రాసేవాణ్ణి కాబట్టే ధర్మరాజును అంటగడుతున్నారని ఇంకొకడు గొణిగాడు. నకుల సహదేవుల్ని వ్యాసుడే పెద్దగా పట్టించుకోలేదు, వీళ్ళేం పట్టించుకుంటారు?

తరవాత ‘పుష్ప 2’ జాతర గెటప్ వచ్చింది. 2024లో థియేటరులో ఆ సీనుకు గొంతు పోయేలా ఈలలేసినవాళ్ళే వీళ్ళంతా. “చీర కట్టుడా? నేనా? ఆఫీసోళ్ళు చూస్తే ఇజ్జత్ ఉంటదా మామా?” అంతే, జాతర ముగిసింది. ‘మనీ హైస్ట్’ ఎర్ర డ్రెస్సులన్నారు. అందరిదీ ఒకటే వేషం, పెద్దా చిన్నా పేచీ లేదు. కాని చంచల్‌గూడ జైలు కూతవేటు దూరంలో ఉండగా, మొహాలకు మాస్కులు తగిలించుకొని దొంగల యూనిఫారంలో ఐదుగురు రోడ్డెక్కితే ఆ రాత్రి ఎక్కడ తెల్లారుతుందో చెప్పలేం. స్కూలు పిల్లలకు వేషాలు అద్దెకిచ్చే దుకాణంలో అడిగితే అల్లూరి, ఝాన్సీరాణి, భరతమాత ఉన్నారు, అందరూ పదేళ్ళ లోపు సైజులో. చివరికి ఇన్ని రాత్రుల మేధోమథనంలోంచి పుర్రె బొమ్మ వేసిన నల్ల టీషర్టులు ఐదు పుట్టుకొచ్చాయి. ఒకేసారి కొంటే డిస్కౌంటట.

నల్ల టీషర్టు మీద నాకేం కోపం లేదు. భయపెట్టే పండక్కి పోతూ అందంగా కనబడాలన్న యావ మీదనే. దెయ్యమైనా సరే, జుట్టు చెదరకూడదు. నెత్తురు మరకైనా సరే, ఇస్త్రీ చొక్కాకు అంటకూడదు. పిశాచం పక్కకు తిరిగి నిలబడుతుంది, ఆ వైపు నుంచే దవడ బాగా పడుతుందని. వేషం కట్టడమంటే కాసేపు పరువును పక్కన పెట్టడం. వీళ్ళు పరువును మెళ్ళో వేసుకొని మరీ వేషానికి బయల్దేరతారు.

పైగా ఒక డైలాగు: “మన పండగలల్ల గిసోంటి ఫన్ యాడుందన్నా?”

ఉంది నాయనా. పగటి వేషాలవాళ్ళు ఊళ్ళో దిగితే రోజుకో వేషం. ఒకనాడు సోమయాజులు, సోమిదేవమ్మ, ఇంకోనాడు ఫకీరు, మరోనాడు శక్తి. అర్ధనారీశ్వరుడైతే ఒక్క మనిషే చేతిలోని తెరను ఇటూ అటూ తిప్పుతూ, ఈ పక్క శివుడు, ఆ పక్క పార్వతి. అదీ పట్టపగలు, చూసేవాళ్ళకు రెండడుగుల దూరంలో. కూచిపూడివాళ్ళు కూడా ఈ వేషాలు కట్టినవాళ్ళే. అన్నీ అయ్యాక ఆఖరి రోజు ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకునేవారు. ముందు ఆట, తరవాత పైసలు. పబ్బులో వరస దీనికి ఉల్టా.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇప్పటికీ వేసవిలో జరుగుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా రోజుకో వేషం. బండ వేషం కట్టినవాడు ఒళ్ళంతా కుంకుమ పూసుకొని ఎదురైనవాళ్ళను బూతులు తిడతాడు. తిట్లు తిన్నవాళ్ళకు అది దీవెన. మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టి, మీసం తీయకుండానే గుడికి నడిచిపోతారు. ఆఫీసువాళ్ళు చూస్తారేమోనన్న బెంగ ఉండదు; ఆఫీసువాళ్ళూ చీరలోనే ఎదురొస్తారు. ఇంత దూరం ఎందుకు, తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కి ఒళ్ళంతా రంగు పులుముకొని డప్పుకు ఎగిరే పులి ఉంది. కాముని పున్నమికి కోలలు పట్టుకొని జాజిరి పాడుతూ ఇల్లిల్లూ తిరిగి ధాన్యమో దుడ్లో అడిగే పిల్లలున్నారు.

పోనీ, హాలోవీన్‌కైనా న్యాయం చేశారా? ఐర్లండు, స్కాట్లండు పల్లెల్లో ఆ రాత్రి చచ్చినవాళ్ళు తిరుగుతారని నమ్మేవారు. పిల్లలు మొహాలకు మసి పూసుకొని ఇంటింటికీ పోయి, పాటో పద్యమో వినిపిస్తేనే ఏదైనా తినడానికి పెట్టేవారు. 1840ల ఆలుగడ్డల కరువులో ఓడలెక్కిన ఐరిష్ జనం ఆ ఆచారాన్ని అమెరికాకు వెంట తీసుకుపోయారు. ఇంటి దగ్గర టర్నిప్ దుంపను తొలిచినవాళ్ళకు అక్కడ గుమ్మడికాయ దొరికింది. అది డాలస్‌లో ఉన్న బావ ఫొటోల్లో ఎక్కి మలక్‌పేట చేరేసరికి మసి పోయింది, పాట పోయింది, ఇంటింటికీ తిరగడం పోయింది. మిగిలింది కవర్ చార్జి.

ఇదంతా చదివి సంస్కృతీ రక్షకులు చప్పట్లు కొట్టనక్కర్లేదు. హాలోవీన్ వద్దంటూ పొద్దున్నే మెసేజీలు పంపే ఆ పెద్దమనుషుల అపార్టుమెంటు గేటు దగ్గరికి బుడబుక్కలవాడు వస్తే, ఏ ఫ్లాటుకు వచ్చావని వాచ్‌మన్ యాప్‌లో పేరు వెతుకుతాడు.

అసలు రాత్రి సంగతికి వద్దాం. మలక్‌పేట స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగేదాకా ఈ ఐదుగురూ మామూలు మనుషులే. వేషం బ్యాగులో ఉంటుంది. పబ్బు బాత్రూములో వరసగా నిలబడి మార్చుకుంటారు. లోపల ప్లాస్టిక్ సమాధుల ముందు ఫొటోలు. మళ్ళీ బ్యాగులో.

వాళ్ళ గది నుంచి నడిచిపోయేంత దూరంలో, గుట్ట మీద, నిజమైన సమాధి ఉంది. నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాని అయిన ఫ్రెంచివాడు రేమాండ్‌ది. 1798లో పోయాడు. ముసల్మాన్లు ఆయన్ని మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. మూసారాంబాగ్ అలా వచ్చిందే. ఊరంతా కలిసి ఒక పరదేశికి రెండు వేషాలు కట్టింది, వాట్సాప్ పోల్ లేకుండానే.

గుమ్మడికాయ ముచ్చట చెప్పకపోతే పాపం. ఒక గదివాళ్ళు గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కి, లోపల కొవ్వొత్తి వెలిగించి, గడప ముందు పెట్టి పార్టీకి పోయారు. అమావాస్యనాడు గుమ్మడికాయ కోసి కుంకుమ నింపి నడిరోడ్డు మీద పగలగొట్టే నగరం ఇది. డెలివరీ అబ్బాయి పార్సిల్ మెట్ల మీదే వదిలి దిగిపోయాడు. పక్క పోర్షన్ వాళ్ళు తలుపు గడియ తీయలేదు. ఓనరమ్మ నిమ్మకాయలు తెప్పించి, ఫోనులో సిద్ధాంతిని నిద్ర లేపింది. “ఎవలో చేయించిన్రు సామీ, ఆ పోరగాండ్ల రూము మీద.” తెల్లారుజామున నల్ల టీషర్టులూ పుర్రెలూ మెట్లెక్కి రావడం చూశాక, చేయించింది వీళ్ళేనని తేల్చేసుకుంది. ఆ రాత్రి వీధిని నమ్మించింది ఆ గుమ్మడికాయ ఒక్కటే.

వచ్చే ఏడాదికి థీమ్ నేను చెప్తాను, ఉచితంగా: తుపాకి రాముడు. అతుకుల కోటు, నెత్తిన పాత టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటి నిండా కోతలు. ఐదుగురికీ అదే వేషం. అర్జునుడి పేచీ రాదు. తుపాకి రాముళ్ళలో ఎవడికి వాడే మహారాజు. బ్యాగు గదిలో పారేసి, టీవీ టవర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడవండి. 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకు రేస్‌కోర్సును నెత్తిన మోసుకొచ్చింది మా తాతేననండి. ఫ్యూచర్ సిటీ పక్కన నూరెకరాలు మా గుర్రాల మేతకే వదిలేశామనండి. ఒక్కటే జాగ్రత్త. ఆ రోడ్డు మీద ఎవరో ఒకరు గజం ఎంతని అడిగి, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు.