గీకు గారి ఆదివారం

"నేను కాస్త గీక్‌నండీ" అని పరిచయం చేసుకునేవాళ్లు ఈమధ్య హైదరాబాదులో బాగా పెరిగారు. షుగరుందని చెప్పుకున్నంత మెల్లగా మొదలుపెట్టి, పద్మశ్రీ వచ్చిందని చెప్పుకున్నంత సంబరంగా ముగిస్తారు ఆ మాటను. ఎవరూ అడగరు, వాళ్లే చెబుతారు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు ఒక నటన. నేరం ఒప్పుకునేవాడి మొహంలో అంత వెలుగు ఏ కోర్టులోనూ చూడం.

వెనకటికి ఇలాంటివాళ్లను పిచ్చోళ్లనేవారు. రేడియో పిచ్చి, పావురాల పిచ్చి, స్టాంపుల పిచ్చి. ఆ బిరుదు ఎవరికి వారు తగిలించుకునేది కాదు. ఇంట్లోవాళ్లు విసిగి వేసారి, వీధిలోవాళ్లు నవ్వి నవ్వి, పదేళ్లకో పదిహేనేళ్లకో ఇచ్చేవారు. ఇప్పుడంతా సెల్ఫ్ అటెస్టేషన్. గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో పనిలేదు.

మా అపార్టుమెంటులోనే ఇలాంటివాళ్లు అరడజను మంది ఉన్నారు. ఒకరిని ఎంచితే మిగతావాళ్లు అలుగుతారు కాబట్టి అందరినీ కలిపి ఒకే మనిషిని చేసి, ఆయన ఆదివారం ఎలా గడుస్తుందో చెబుతాను. పేరెందుకు, గీకు గారు అందాం.

తెల్లవారుజామునే సైకిలు కారెక్కుతుంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ దాకా పెట్రోలు కాల్చుకుంటూ వెళుతుంది. ఆ ట్రాక్‌కు నేను వంక పెట్టను. పైన సోలార్ పలకలు కరెంటు తీస్తాయి, కింద తొక్కేవాళ్లకు నీడనిస్తాయి. కాకపోతే నీడ కోసం కట్టిన ఆ కప్పు కిందికి మా గీకు గారు పొద్దు పొడవకముందే వెళ్లి, ఎండెక్కకముందే బయటికొచ్చేస్తారు. వెళ్లగానే తొక్కుతారా అంటే అదీ లేదు. ముందు చేతి వాచీకి సిగ్నలు దొరకాలి. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతున్న ఉపగ్రహాల్లో కనీసం నాలుగు ఆయన్ని గుర్తుపడితే గానీ పెడలు కదలదు. అందాకా ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద, చెయ్యి ఆకాశం వైపు. ఈలోగా రాత్రి డ్యూటీ దిగిన సెక్యూరిటీ మనిషొకడు పాత అట్లాస్ సైకిలు మీద, హ్యాండిలుకి టిఫిన్ డబ్బా ఊగుతుంటే, ఏ ఉపగ్రహానికీ మాటమాత్రం చెప్పకుండా పక్కనుంచి వెళ్లిపోతాడు. ఆ అట్లాస్ వాళ్లు సాహిబాబాద్‌లో మిగిలిన చివరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు ఆపేశారు. ఫ్యాక్టరీ ఆగింది గానీ ఈయన సైకిలు ఆగలేదు.

గీకు గారిది కార్బన్ సైకిలు. ముందు ఫోర్కు మారిస్తే 200 గ్రాములు తగ్గుతుందని ఎవరో చెబితే మొన్ననే కార్డు గీకారు. తొక్కడం అయ్యాక టిఫిన్ సెంటర్లో నెయ్యి కారం దోశ, దాని వెనకే ఒక ప్లేటు మైసూరు బజ్జీ. 200 గ్రాములూ అక్కడే వసూలు.

తొక్కిన దారి మాత్రం యాప్‌లోకి ఎక్కాలి. ఇలాంటి యాప్ ఒకటి, స్ట్రావా, జనం తిరిగిన దారులన్నీ ప్రపంచ పటం మీద వెలిగించి చూపిస్తే, ఎడారుల్లో ఎవరికీ కనబడకుండా పెట్టుకున్న సైనిక స్థావరాల గీతలు 2018లో బయటపడి పెద్ద గొడవైంది. జవాన్లు పాపం పొద్దున్నే పరుగు తీశారంతే. మా గీకు గారి దారి శత్రుదేశం చేతికి చిక్కినా దిగులు లేదు, ట్రాక్ నుంచి దోశ దాకానే. ఫోను చార్జింగు అయిపోయి ఆ గీత పడని రోజున మాత్రం ఆయన మొహం చూడలేం. కాళ్లు నొప్పులు పుడతాయి, చెమట పడుతుంది, అయినా సైకిలు తొక్కినట్టు కాదు. "డేటా లేకపోతే ఎలా అండీ?" అంటారు. ఎవరికి అప్పజెప్పాలో ఆ డేటా!

ఎనిమిదింటికల్లా అమీన్‌పూర్ చెరువు. 2016లో ప్రభుత్వం ఈ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. చలికాలంలో పిట్టలు నిజంగానే బాగా వస్తాయి. గీకు గారు అడవిలో కమెండోలా పచ్చమచ్చల చొక్కా, టోపీ వేసుకుని, మోచెయ్యంత లెన్సు పట్టుకుని కట్ట మీద నక్కి కూర్చుంటారు. చుట్టూ వాకింగు చేసేవాళ్లు, పల్లీలు అమ్మేవాళ్లు, రీలు తీసుకునే పిల్లలు. ఎవరికి కనబడకుండా దాక్కున్నారో చెరువుకే తెలియాలి. సెకనుకు ఇరవై ఫొటోలు టకటకమని పడతాయి. తర్వాత ఫోను తీసి యాప్‌కి కూత వినిపిస్తారు. యాప్ ఆలోచిస్తుంది. నెట్‌వర్కు గిరగిరా తిరుగుతుంది. ఈలోగా బర్రెల్ని నీళ్లకు తోలుకొచ్చిన పెద్దాయన వెనక నిలబడి కాసేపు చూస్తాడు.

"దేన్ని చూస్తున్నవ్ సారూ? గా నల్లదాన్నా? నామాల కోడి గది. పొద్దంత గీడనే ఉంటది. గింతసేపు ఎదురుచూసుడెందుకు?"

నుదుటి మీద తెల్ల నామం ఎవరికైనా కనిపిస్తూనే ఉంది. యాప్ తేల్చి చెప్పేదాకా మాత్రం గీకు గారు దాన్ని చూసినట్టు ఒప్పుకోరు. పేరు వచ్చాక జాబితాలో టిక్కు పెడతారు. ఇక ఆ పిట్టతో పని లేదు, మళ్లీ కనబడినా తల తిప్పరు. అది గుడ్లెక్కడ పెడుతుంది, ఏం తింటుంది, రెండు మగవి ఎందుకు కొట్టుకుంటాయి, ఇవన్నీ బర్రెల పెద్దాయనని అడిగితే సాయంత్రం దాకా చెబుతాడు. ఆయన జాబితా రాయలేదు. రాసినవాళ్లూ ఉన్నారు. పక్షి శాస్త్రవేత్త సాలీం అలీ 1931–32లో హైదరాబాదు రాజ్యం పిట్టల మీద సర్వే చేశారు. ఏ పిట్టను ఎక్కడ చూసిందీ, అది ఏం చేస్తుంటే చూసిందీ రాసిపెట్టారు. అదీ జాబితాయే. కానీ ఆ జాబితా టిక్కుతో ఆగిపోలేదు.

సరంజామా మీద నాకు పగ లేదు. ఖర్చు మీదా లేదు, ఎవరి జీతం వాళ్లిష్టం. సామాను మీద మోజుని విషయం మీద మోజుగా చలామణి చేయడం మీదే నా పేచీ.

మధ్యాహ్నం కీబోర్డులు. తెలియనివాళ్ల కోసం చెబుతాను, మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా దాని సొంత స్విచ్చు ఉంటుంది. నీలం స్విచ్చు టిక్కుమంటుంది, ఎర్రది సడి లేకుండా దిగిపోతుంది, గోధుమరంగుది మధ్యలో చిన్న గతుకు తగిలిస్తుంది. కొన్నది కొన్నట్టు వాడటం నామోషీ. ఒక్కో స్విచ్చూ ఊడదీసి, పై డొప్ప, కింది డొప్ప, కాడ, స్ప్రింగు విడదీసి, సన్నటి కుంచెతో గ్రీజు పూసి, మళ్లీ బిగించాలి. 87 మీటలుంటే 87 సార్లు. డైనింగ్ టేబులు మీద పాత పేపరు పరిచి, విప్పిన స్విచ్చుల్ని ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో వరసగా సర్దుకుంటారు గీకు గారు.

"ఏవండీ, ఆ ప్లేట్లు ఖాళీ అయ్యేది ఎప్పుడు? పిండి పులిసి పొంగుతోంది" అని లోపల్నుంచి కేక.

చివరికి 'థాక్' అని గంభీరమైన చప్పుడొకటి వస్తుంది. దాన్ని రికార్డు చేసి మిత్రులకి పంపుతారు, వాళ్లు కళ్లు మూసుకుని వింటారు. ఇంతకీ ఆ కీబోర్డు మీద ఏం కొడతారంటే, ఆఫీసు చాట్‌లో 'నోటెడ్'. ఇంకా ఉత్సాహం ఉన్న రోజున 'ఓకే, నోటెడ్'. కోడంతా ఇప్పుడు ఏఐ రాసిపెడుతోంది, సరేనని ట్యాబ్ నొక్కితే చాలు. 87లో ఆ ఒక్క మీటకి గ్రీజు రాసుకున్నా సరిపోయేది.

చిక్కడపల్లి సందుల్లో డీటీపీ చేసే ఒకాయన నాకు తెలుసు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి నున్నటి పలకలా ఉంటుంది, స్పేస్ బారు ఒకవైపు కుంగింది. అసలు దాని మీద తెలుగు అక్షరాలు ఎప్పుడూ లేవు. అను స్క్రిప్ట్ లేఅవుట్ అంతా ఆయన వేళ్లలోనే ఉంది. ఏ ఒత్తు ఎక్కడ, ఏ గుడి ఎక్కడ, దీర్ఘం ముందో వెనకో, ఆలోచించకుండా పడుతుంటాయి. చూపు చేతిరాత కాగితం మీద, చెవి పక్క కుర్చీలోని పెళ్లిపెద్ద మాటల మీద. 'శుభలేక' అని రాసుకొచ్చిన ఆ పెద్దమనిషిని నొప్పించకుండా, మాటల్లో పెట్టి, తప్పు దిద్దేస్తాడు. మీ స్విచ్చులు ఏ రంగువండీ అని ఒకసారి అడిగితే, ఫ్యాను కావాలేమోననుకుని గోడ వైపు చూపించాడు.

రాత్రి పదకొండు దాటాక మా పై అంతస్తు బాల్కనీలో అడుగుల చప్పుడు. దొంగలు కారు. ఇవాళ్టికి పదివేల అడుగుల్లో ఇంకా కొన్ని వందలు బాకీ. ఈ పదివేలు ఏ వైద్యుడూ లెక్కగట్టి పెట్టింది కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్ముకోవడానికి ఒక కంపెనీ ఎంచుకున్న గుండ్రటి అంకె. అయినా అర్ధరాత్రి వాచీ వణికితే తప్ప ఆయన పడుకోరు.

ఆ బాల్కనీలోనే టెలిస్కోపు కూడా ఉంది. సరంజామా కొనుక్కున్నవాళ్లంతా ఇంతే అనడానికి వీల్లేదు. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి దుర్భిణి తెప్పించుకున్నదీ సొంత సరదాకే. దాంతో మొదలైన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు ఆకాశాన్ని వాటాలేసుకుని ఫొటోలు తీస్తుంటే తన వాటా తీసుకుని, 1914 నుంచి 1929 దాకా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను పట్టికలోకి ఎక్కించింది. అది జరిగింది మన బేగంపేటలో. గీకు గారి టెలిస్కోపు యాప్‌తో దానంతటదే తిరుగుతుంది, ఏ గ్రహం పేరు చెబితే దాని వైపు మెడ తిప్పుతుంది. కొన్న కొత్తలో ఒక పున్నమినాడు చంద్రుణ్ణి చూశారు, ఫొటో పెట్టారు, లైకులు వచ్చాయి. తర్వాత ఎదురుగా కొత్త టవరు లేచింది.

కొనదలుచుకున్నవాళ్లు ఉంటే చెప్పండి, ధర బాగా తగ్గించి ఇస్తానంటున్నారు. ట్రైపాడు మాత్రం ఇవ్వనని వాళ్లావిడ కచ్చితంగా చెప్పేసింది, వానాకాలంలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి ఇంట్లో ఇంకేమీ లేదట.