దయ్యాల విడిది

ముందు దుప్పటి పోయింది. తరవాత గోడ. ఆ తరవాత ఫ్యాను. మొన్నటితో చెవులు కూడా పోయాయి.

పట్టుకుపోయింది దొంగలు కాదు, రచయితలు. భయానక కథల సంకలనం ఒకటి, ఇంగ్లీషుది, గుండెల మీద పెట్టుకు చదివితే ఊపిరాడనంత బరువుది, రోజూ పడుకోబోయే ముందు ఒక కథ చొప్పున చదువుతున్నాను. కథ అయ్యి లైటు ఆర్పేసరికి ఇంట్లో ఏదో ఒక వస్తువు మీద నాకున్న హక్కు పోతోంది.

దుప్పటిని కాజేసినాయన ఎం.ఆర్. జేమ్స్. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీకి పెద్దగా చేసిన పండితుడు. క్రిస్మస్ వేళ మిత్రుల్ని గదిలో కూర్చోబెట్టుకుని తాను రాసిన దయ్యం కథలు చదివి వినిపించేవాడట. పండగపూట ఇంటికొచ్చినవాళ్ళకి మనం బొబ్బట్లు పెడతాం. 1904లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక కథ ఉంది. సముద్రతీరానికి వెళ్ళిన ప్రొఫెసరుగారికి శిథిలాల్లో పాతకాలపు ఈల దొరుకుతుంది. ఊదకూడదు కదా? ఊదుతాడు. ఆయన బస చేసిన గదిలో రెండు మంచాలు, రెండోది ఖాళీ. ఆ ఖాళీ మంచం మీది దుప్పటి లేచి నిలబడుతుంది. మా ఇంట్లో రెండో మంచం ఖాళీగా ఉండే ప్రశ్నే లేదు. దాని మీద ఉతికిన బట్టల గుట్ట ఉంటుంది. మడతపెట్టాలి, ఎవరూ పెట్టరు. ఇన్నాళ్ళూ అది మా ఆవిడకీ నాకూ మధ్య తగువు మాత్రమే. ఇప్పుడు రాత్రి రెండింటికి దానికి భుజాలు కనిపిస్తున్నాయి. చేసేదిలేక లేచి నేనే అన్నీ మడతపెట్టేశాను. పొద్దున్నే మా ఆవిడ బీరువా చూసి, నా నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరం కూడా లేదే" అంది.

గోడ సంగతి ఇంకా అన్యాయం. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే ఆవిడకి కాన్పు తరవాత మనసు బాగోకపోతే, పేరుమోసిన డాక్టరొకాయన పడుకో, కదలకు, కలం ముట్టుకోకు అన్నాడు. ఆవిడ ముట్టుకుంది. 1892లో వచ్చిన కథ అది. గదిలో బంధించిన మనిషికి గోడకంటించిన పసుపు కాగితం వెనక ఎవరో ఆడమనిషి పాకుతున్నట్టు కనిపిస్తుంది. కథ గొప్పది, ఒప్పుకుంటాను. కానీ మా గోడ మీద చెమ్మ మరక ఉంది. పై ఫ్లాటువాళ్ళు అది మా బాత్రూము కాదంటారు. వాళ్ళ పైవాళ్ళు అది వాన అంటారు. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు "ఎండలు ముదిరితే అదే ఆరిపోతుందండీ" అంటారు. అది ఆరట్లేదు, పెరుగుతోంది, పెరిగి పెరిగి ఇప్పుడు నడుం వంచి నించున్న ఆడమనిషిలా తయారైంది. ఈ మాట మా ఆవిడతో అంటే చెమ్మ గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "ఎవరావిడ?" అంది.

ఇక ఎడ్గార్ ఎలన్ పో. ఆయన కథలు రెండు ఒకే ఏడాది, 1843లో, వచ్చాయి. ఒకదాంట్లో చంపి నేల పలకల కింద దాచిన ముసలాయన గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. చంపినవాడికైనా అలా వినబడుతుంది. రెండోదాంట్లో పెళ్ళాం శవాన్ని గోడలో పెట్టి కట్టేస్తూ, చూసుకోక, పిల్లిని కూడా కలిపి కట్టేస్తాడు. మాకు పిల్లి లేదు. ఫ్యాను ఉంది. అది ఎన్నో నెలలుగా రాత్రిపూట టక్ టక్ మంటోంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మాత్రం నోరెత్తదు. అతను నిచ్చెన మీద నించుని "ఏదీ సార్ శబ్దం?" అంటాడు. "ఇప్పుడే ఆగిందయ్యా" అంటాను. అతను నన్ను చూసే చూపు చూశాక, పో కథలో ఆ హంతకుడు తనకి పిచ్చి లేదని అంతలా ఎందుకు మొత్తుకున్నాడో తెలిసొచ్చింది.

నవలైతే ఈ బాధ లేదు. ఎనభైల్లో యండమూరి ‘తులసిదళం’ చదివి మేమూ వణికాం. కానీ అందులో భయం ఒకటే, చేతబడి. వీధిలో నిమ్మకాయ, కుంకుమ కనిపిస్తే పక్కకి తప్పుకుంటే సరిపోయేది. సంకలనం అలా కాదు, పెళ్ళివారి విడిది. ఒకళ్ళకి మర్యాద చేసేలోగా ఇంకొకళ్ళు దిగుతారు, ఒకళ్ళకొకళ్ళకి ముఖపరిచయం ఉండదు, అందరికీ మనమే లోకువ. పుస్తకం వెనక అట్ట మీద దీన్నే వైవిధ్యం అని పొగిడారు.

ఇలాంటప్పుడు మన బేతాళుడు ఎంత పెద్దమనిషో అనిపిస్తుంది. మూలంలో ఉన్నవి 25 కథలే. అవి అయిపోయినా చందమామ వాళ్ళు ఆపలేదు, కొత్తవి అల్లి దశాబ్దాలపాటు ఆ రాజు చేత అదే శవాన్ని మోయించారు. చీకట్లో, శ్మశానంలో, భుజం మీది శవం కబుర్లు చెబుతుంటే విక్రమార్కుడికి గానీ మాకు గానీ ఎన్నడూ భయం వెయ్యలేదు. చివర్న ప్రశ్న ఉంటుంది, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. పరీక్ష ముందున్నవాడికి దయ్యమో లెక్కా?

అసలు ఈ పుస్తకం నాది కాదు, మా బావమరిది అంటగట్టాడు. సైన్సుకి అందనిదేదో ఉందని వాడికి గట్టి నమ్మకం. వాళ్ళింట్లో ఇన్వర్టర్ పనిచెయ్యకపోయినా అదే కారణం చెబుతాడు. "రాత్రిపూట, ఒంటరిగా చదవండి బావగారూ, అప్పుడే అసలు ఎఫెక్టు" అన్నాడు. రెండు గదుల ఫ్లాటులో ఒంటరితనం ఎక్కణ్ణుంచి తేను? ఈ కథల్లో మనుషులందరికీ ఇరవై గదుల ఇళ్ళున్నాయి, ఉద్యోగాలు లేవు. దయ్యం పట్టడానికి కూడా కాస్త ఆస్తి ఉండాలి.

చెవుల సంగతి చెప్పాలి. లఫ్కాడియో హెర్న్ అని, అమెరికాలో విలేఖరిగా పనిచేసి జపాన్ వెళ్ళి స్థిరపడ్డాయన, 1904లో జపాను ప్రేతకథల పుస్తకం వేశాడు. అందులో హోయిచి అనే గుడ్డి గాయకుడున్నాడు. చచ్చిపోయిన వీరులు రాత్రిళ్ళు వచ్చి అతణ్ణి పాటకి పిలుచుకుపోతుంటారు. వాళ్ళ కంటపడకుండా గుడిలో పెద్దాయనా, శిష్యుడూ కలిసి అతని ఒళ్ళంతా సూత్రాలు రాస్తారు. రెండు చెవుల మీద రాయడం మరిచిపోతారు. ఆ రాత్రి ప్రేతానికి మనిషి కనబడడు, గాల్లో రెండు చెవులు కనిపిస్తాయి, అవే పీక్కుపోతుంది. మిగతావాళ్ళు ఇందులో ప్రేతాన్ని చూసి భయపడతారు. పత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరైన నాకు మాత్రం ఆ శిష్యుడి మొహమే కళ్ళకు కట్టింది. అంత మేటరూ సరిగ్గా వేసి, ఆ రెండే వదిలేశాడు. పాఠకుడి కళ్ళు సరిగ్గా అక్కడే పడ్డాయి. ఇంతకన్నా భయంకరమైన కథ మా వృత్తిలో ఎవరూ రాయలేరు.

సరే, వీటన్నిటినీ ఎలాగో తట్టుకున్నాను. తట్టుకోలేనిది పో రాసిన ఇంకో కథ, 1844 నాటిది. ప్రాణం ఉండగానే పాతిపెట్టేస్తారేమోనని హడలిపోయే మనిషి కథ. సమాధికి లోపల్నుంచి తెరుచుకునే తలుపులు పెట్టిస్తాడు, గాలికీ నీళ్ళకీ తిండికీ ఏర్పాట్లు చేయిస్తాడు, పైన పెద్ద గంట కట్టించి దాని తాడు తన చేతికి కట్టేలా చూసుకుంటాడు. ఇది ఒక్క పోకి పట్టిన పిచ్చి కాదు. 1799లో జార్జి వాషింగ్టన్ పోతూ పోతూ, మూడు రోజులు కాకుండా నన్ను సమాధిలో పెట్టకండని చెప్పి మరీ పోయాడు. మ్యూనిక్‌లో శవాల్ని వరసగా పడుకోబెట్టి వేలికి ఉంగరం తొడిగి, ఆ ఉంగరానికి తీగ కట్టి, ఆ తీగని కాపలావాడి గదిలో గంటకి తగిలించేవారు. మార్క్ ట్వేన్ 1883 నాటి పుస్తకంలో వర్ణించాడు. రష్యా జారు కొలువులో ఉన్న కార్నిస్-కార్నికి అనే ప్రభువు 1897లో ఏకంగా ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. శవం గుండె మీద గోళం, పైకి గొట్టం. లోపలివాడు ఏమాత్రం కదిలినా గాలి వస్తుంది, జెండా లేస్తుంది, గంట మోగుతుంది. చచ్చిన మనిషి కూడా ఉబ్బి కదులుతాడన్నది మాత్రం ఆ ప్రభువు లెక్కలోకి రాలేదు.

మన పద్ధతి వేరు. పరామర్శకి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే అడిగే మొదటి మాట "ఎన్నింటికి తీస్తారు?" అని. వాషింగ్టన్ మూడు రోజులాగమన్నాడు, మనవాళ్ళు మూడు గంటలాగితే "ఇంకా ఎవరి కోసం?" అంటారు. ఈమధ్య డాలస్ నుంచి కొడుకు రావాలంటే మాత్రం ఆగుతున్నారు, ఫ్రీజరు పెట్టెలో పెట్టి. లోపలాయన పొరపాటున బతికే ఉన్నా, ఆ పొరపాటుని పెట్టె దిద్దేస్తుంది.

అయినా మనకీ ఒక ఏర్పాటు లేకపోలేదు. గంట లేదు, గొట్టం లేదు, పేటెంటు లేదు. దింపుడు కళ్ళం. దారిలో పాడె దించి, చెవి దగ్గర వంగి, మూడుసార్లు పేరు పెట్టి పిలవడం. ఆలోచన మంచిదే, అమలులోనే లోపాలున్నాయి. ఏ పేరు పెట్టి పిలవాలి? రికార్డుల్లో నాది నాలుగు ముక్కల పేరు, ఇంట్లో అబ్బులు. ఆ నాలుగు ముక్కలతో నన్ను పిలిచేది బ్యాంకువాళ్ళూ, ఆస్పత్రిలో నర్సులూ. బతికుండగానే ఆ పిలుపుకి పలకబుద్ధి కాదు, పోయాక లేస్తానా? ఇక పెద్దవయసు వాళ్ళకి చెవుడు. చెవిటి మిషను తీసి జేబులో వేసుకున్న కొడుకే వంగి అదే చెవిలో పిలుస్తాడు. మా పెదనాన్న వడ్డీ వ్యాపారం చేసినాయన. పేరు పెట్టి పిలిచే బదులు "బాకీ తీర్చడానికి వచ్చారు, వడ్డీతో సహా" అని ఒక్కసారి అనుంటే కథ వేరేగా ఉండేదని మా నాన్న అంటూండేవాడు. మా బాబాయి చెవిలో "కాఫీ చల్లారిపోతోంది" అనాలి. ఒక మేనమామ దగ్గరైతే ఏమీ అననక్కర్లేదు, టీవీ కట్టేస్తే చాలు, "చూస్తున్నాను" అని లేచేవాడు. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకోటుంది. యాభై ఏళ్ళపాటు ఎవరు "ఏవండీ" అంటే ఆ మనిషి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడో, ఆవిణ్ణి గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నిజంగా లేపాలని ఉంటే ముందు ఆవిణ్ణి తీసుకెళ్ళాలి కదా.

మా నాన్నని దించినప్పుడు నన్ను పిలవమన్నారు. ఆయన పేరు నా నోట ఎప్పుడూ పలకలేదు, నాన్నా అనే పిలిచాను. మొదటిసారి మెల్లిగా, అందరూ చూస్తున్నారన్న సిగ్గుతో. రెండోసారి మామూలుగా. మూడోసారి గట్టిగా పిలిచాను, అంత గట్టిగా అంటానని నాకే తెలీదు. ఆ తరవాత ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఆ క్షణంలో నాకు రెండు భయాలు వేశాయి. పలకడేమోనన్నది ఒకటి. రెండోది ఎవరికీ చెప్పలేదు.

ఈ సంకలనంలో డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ కథ ఉంది, 1902 నాటిది. పడవలవాళ్ళ మీద హాస్యకథలు రాసి బతికిన మనిషి ఈ ఒక్క దయ్యం కథతో ఎక్కువమందికి గుర్తున్నాడు. ఒక ఇంటికి ఇండియా నుంచి కోతి పంజా వస్తుంది, మూడు కోరికలు తీరుస్తుంది. తండ్రి రెండువందల పౌన్లు అడుగుతాడు. కొడుకు ఫ్యాక్టరీ యంత్రంలో పడి పోతాడు. బాధ్యత మాది కాదు గానీ అంటూ కంపెనీ మనిషి సరిగ్గా రెండువందల పౌన్లు తెచ్చిస్తాడు. తల్లి పట్టుబట్టి కొడుకు తిరిగి రావాలని కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆవిడ గడియ తీస్తూంటే, తండ్రి నేల మీద తడుముకుంటూ పంజా వెతికి మూడో కోరిక కోరుకుంటాడు. కాలేజీలో చదివినప్పుడు వీడేం తండ్రి అనుకున్నాను. తలుపు తీస్తే ఏం పోయింది, కొడుకే కదా? ఈసారి ఆ తడుముకోవడం దగ్గర పుస్తకం మూసేసి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. మా నాన్న పలికి ఉంటే నేనేం చేసేవాణ్ణో ఇప్పటికీ తెలీదు.

మిగతా కథలు పగలే చదువుతున్నాను. పగలు తప్పులు బాగా కనబడతాయి. ఒక్క కథలోనూ చుట్టాలు లేరు. ఉంటే ఆ నేలమాళిగలోకి దిగబోయేవాణ్ణి ఎవరో ఒకరు "ముందు అన్నం తినెళ్ళు" అనేవారు, అక్కడితో గండం గడిచిపోయేది.

చుట్టం ఉన్న కథ ఒక్కటే దొరికింది, ఠాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణం’. పదిహేడేళ్ళప్పుడు అహ్మదాబాదులో, అన్నగారు కాపురమున్న షాహీబాగ్ మహల్లో గడిపిన రోజులే ఈ కథకి బీజం. అందులో మన వాటా కూడా ఉంది. కథ చెప్పేవాడు నిజాం కొలువులో పత్తి మీద సుంకం వసూలు చేసే ఉద్యోగి. నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్లో బస. పగలు లెక్కలు చూసుకుంటాడు, రాత్రయితే ఎప్పటివో గజ్జెల చప్పుళ్ళు. ఇదంతా స్టేషను వెయిటింగ్ రూములో ఇద్దరు ప్రయాణికులకి చెబుతాడు. బండి ఆలస్యం. అసలు గుట్టు, ఆ మహల్లోని ఇరానీ పిల్ల కథ, మొదలెట్టబోయేసరికి బండి వచ్చేస్తుంది. ఫస్టు క్లాసులోంచి తెలిసిన దొర ఒకడు పలకరిస్తే కథకుడు అందులో ఎక్కేస్తాడు. విన్నవాళ్ళది సెకండు క్లాసు. కథ అంతే! మన రైళ్ళు సాహిత్యానికి ఉపకారం చెయ్యగలిగిన ఒకే ఒక్క రాత్రి, ఇంకో గంట లేటవ్వడానికి ఆ బండికి ఏం వచ్చింది?

విన్న ఇద్దరిలో ఒకాయన ఇదంతా కట్టుకథ, మనల్ని వెధవల్ని చేశాడు అంటాడు. రెండో ఆయన దివ్యజ్ఞానం మనిషి, సైన్సుకి అందనిదేదో ఉందని నమ్మేవాడు, ఒప్పుకోడు. ఆ వాదన ముదిరి ఇద్దరికీ జన్మలో మళ్ళీ మాటల్లేకుండా పోయాయి. ఆ రెండో ఆయన మొదటాయనకి బంధువు. ఏ వరసో ఠాగూర్ రాయలేదు గానీ, నాకైతే సందేహం లేదు.