ధర చెప్పే మొహం ఏదీ?

మా రోజుల్లో రొయ్యకి ధర చెప్పేవాడు ఎదురుగా నిలబడేవాడు. లుంగీ ఎగ్గట్టి, చెరువులో విసురు వల వేయించి, కాసిని రొయ్యలు కాటాలో పోసి, కిలోకి ఎన్ని తూగాయో లెక్కపెట్టి "ముప్పై కౌంటు, ఇంతిస్తా" అనేవాడు. రైతుకి నచ్చకపోతే "పోవయ్యా" అని ఇంకో వ్యాపారికి కబురంపేవాడు. మోసం లేదని కాదు, కాటా మీద వేలు పెట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ తిట్టుకోవడానికి ఒక మొహమంటూ ఉండేది.

ఇప్పుడా మొహం ఏదీ? అమెరికాలో ఏదో సూపర్‌మార్కెట్ ఆఫీసులో ఒకాయన, పండగ అమ్మకాలకి రొయ్య ప్యాకెట్టు మీద ఎంత తగ్గించాలో ముందే రాసేసుకుంటాడు. ఆ కోత దిగుమతిదారు మీద పడుతుంది. వాడు మన ప్లాంటు మీదకి తోస్తాడు, ప్లాంటు రైతు మీదకీ, కూలీలని తెచ్చే మేస్త్రీ మీదకీ తోస్తుంది. చివరికి ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్య ఒలిచే ఆడమనిషి దగ్గర ఆగుతుంది. ఆవిడ ఎవరి మీదకి తోస్తుంది?

పాతదంతా బంగారమని నేననను. కాకినాడ వైపు ఒలిచే షెడ్డులో గుమాస్తాగా కూర్చున్నవాణ్ణి. బేసిను ఒలిస్తే ఒక టోకెను. మరుగుదొడ్డి లేదు, కూర్చోడానికి పీట లేదు. ఐసుకీ రొయ్య నీళ్లకీ వేళ్ల సందులు ఒరిసిపోయి తెల్లగా పాలిపోయేవి. ఆషాఢం వచ్చినా రాకపోయినా ఆడవాళ్ల చేతులకి గోరింటాకు ఉండేది, ముచ్చటకి కాదు, పుండ్లకి. అయినా కూలి గొడవొస్తే టోకెన్లన్నీ నా బల్ల మీద గుమ్మరించి, యజమాని వచ్చేదాకా కదిలేవాళ్లు కాదు. సరుకు పాడవుతుందన్న భయంతో ఆయన ఎంతో కొంత పెంచేవాడు. పెంచడం ఆయన చేతిలో ఉండేది మరి.

తర్వాత కాలం మారింది. టైగర్ రొయ్య జపానుకి పోయిన రోజులు తెల్లమచ్చ తెగులుతో చితికిపోయాయి. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చింది. ఆ తర్వాత థాయిలాండ్ చెరువులు తెగులుతో పడిపోతే అమెరికా వాళ్లు మన వైపు తిరిగారు. ఇవాళ దేశం ఏడాదికి అరవై వేల కోట్ల పైచిలుకు సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తోంది. అందులో పెద్ద వాటా రొయ్యది, ఆ రొయ్యలో పెద్ద వాటా మన ఆంధ్రాది. బాగానే ఉంది. మరి ఒలిచే చేతికి ఏం మిగిలింది?

రిటైరయ్యే ముందు ప్లాంటులో ఆర్డర్లు చూసేవాణ్ణి. "ఈక్వెడార్ వాడు ఇంతకంటే తక్కువకిస్తున్నాడు, మీరేమంటారు?" ఇదీ వచ్చే ఉత్తరం. ఏడాది పొడుగునా కొంటామన్న హామీ ఉండదు. ఒక్కసారిగా ఆర్డరొస్తే కంటైనరు వెళ్లేదాకా రాత్రి షిఫ్టులు. ఆర్డరు ఆగితే ఆడవాళ్లు ఇంటికి, ఆ రోజులకి కూలి లేదు. ఇలాంటి పనికి పర్మనెంటు మనుషుల్ని ఎవడు పెట్టుకుంటాడు? మేస్త్రీ మనుషులైతే పీఎఫ్ అడగరు, ఈఎస్ఐ అడగరు. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలైతే హాస్టలు గేటు కూడా దాటరు.

అసలు తమాషా ఇప్పుడు చెప్తాను. ఆ ధర కోసిన కొనుగోలుదారు తరఫునే ఏడాదికోసారి తనిఖీ దొర దిగుతాడు. వచ్చే తేదీ ముందే తెలుస్తుంది. ఆ వారమంతా కొత్త గ్లౌజులు, కొత్త బూట్లు, గోడకి కార్మిక హక్కుల బోర్డు. "ఎనిమిది గంటలే చేస్తున్నామని చెప్పండమ్మా" అని సూపర్‌వైజరు పాఠం చెప్తాడు. తనిఖీ ఖర్చు, సర్టిఫికెట్ ఖర్చు మళ్లీ ప్లాంటుదే. ధరలో మాత్రం పైసా పెరగదు. ఒకడు గ్లౌజులు ఎందుకు లేవంటాడు, ఇంకొకడు గ్లౌజులు కొనే డబ్బులు కోసేస్తాడు. ఇద్దరూ ఒకే కొనుగోలుదారు మనుషులే!

ఇది ముసలాడి చాదస్తం అనుకోకండి. ఇండియా, వియత్నాం, ఇండోనేషియాల రొయ్యల పరిశ్రమ మీద 2024లో వచ్చిన ఒక నివేదిక కూడా ఇదే మొత్తుకుంది. పాశ్చాత్య సూపర్‌మార్కెట్లు ధర నొక్కుతున్నాయి, ఆ బరువు కూలీల మీద పడుతోంది అని. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడూ చూశాం. మన దగ్గర చెరువు గట్టు మీద ధర వెంటనే పడిపోయింది.

ఆ కొనుగోలుదారులు తలుచుకుంటే ఇది కుదరని పనేం కాదు. థాయిలాండ్‌లో ఒలిచే షెడ్లలో మనుషుల్ని బానిసల్లా బంధించి పని చేయిస్తున్నారని 2015 డిసెంబరులో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. థాయ్ యూనియన్ అనే పెద్ద కంపెనీ ఆ నెలాఖరుకల్లా బయటి షెడ్లతో పని మానేసి, ఒలిచే పని తన ప్లాంట్లలోకే తెచ్చుకుంటానని ప్రకటించింది. అమెరికాలో పరువు పోతుందనేసరికి ఏళ్ల తరబడి కుదరనిది వారాల్లో కుదిరింది.

కాబట్టి తనిఖీ దొరగారికి నాదొక మనవి. కాకినాడ దాకా విమానం ఖర్చెందుకండీ? మీ పక్క గదిలో ధరలు రాసే ఆయన ఉన్నాడు కదా, ముందు ఆయన్ని తనిఖీ చేసి రండి.