ముందు బయోస్!

ఏ బంధువర్గం తీసుకున్నా, అడిగినా అడక్కపోయినా అందరి కంప్యూటర్ల బాగోగులూ చూసే పెద్దమనిషి ఒకడుంటాడు. మాకు మా పెద్దబావగారు ఉన్నారు. తాడేపల్లిగూడెంలో కాపురం. కరెంటు ఆఫీసులో సబ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఊరికి కరెంటిచ్చిన మనిషి, కరెంటును మాత్రం చచ్చినా నమ్మరు.

కంప్యూటర్ నెమ్మదించిందన్నా, ప్రింటర్లో కాగితం ఇరుక్కుందన్నా, ఆఖరికి టీవీలో సీరియల్ ఆగి ఆగి వస్తోందన్నా ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "ముందు బయోస్ వెర్షన్ ఎంతో చూసి చెప్పు." ఒకసారి మా పిన్ని, బీపీ సంగతి కాబోలనుకుని, 140 అంది. "అది బాగా పాతది, మార్చాలి" అన్నారట.

బయోస్ అంటే మదర్‌బోర్డు మీద చిన్న చిప్పులో కూర్చునే ప్రోగ్రాం. స్విచ్ వెయ్యగానే విండోస్ కన్నా ముందు లేచి, ప్రాసెసర్‌నీ మెమరీనీ పలకరించి పనిలోకి దించేది అదే. కొత్త ప్రాసెసర్ని అది గుర్తుపట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం వెలగదు. అందుకని ప్రాసెసర్ మార్చే ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యమంటారు. ఇంతవరకూ అందరూ ఒప్పుకునేదే. మా బావగారికి మాత్రం ఈ "ముందు" అన్నది ఒక జీవనవిధానం.

నాకు ఆయన దగ్గర ఒక పాత బాకీ ఉంది. 2022లో నేనొక ప్రాసెసర్ కొన్నాను. "ఈ బయోస్ బీటాదిరా, తర్వాతది రానీ" అన్నారు. వచ్చింది. "ఇది నిన్నగాక మొన్న వచ్చింది, నలుగురూ వాడి చూడనీ" అన్నారు. ఆ నలుగురూ వాడేలోపల, సెప్టెంబరులో ఏకంగా ఏఎం5 సాకెట్టే వచ్చేసింది. నా ప్రాసెసర్ బీరువాలో మా ఆవిడ వెండికంచం పక్కన పడుకునే ధర దిగిపోయింది.

ఇక ఆయన కొడుకు, మా మేనల్లుడి కథ. వాడిది 2017 నాటి బీ350 బోర్డు, అందులో మొదటి తరం రైజెన్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో నీళ్లొదిలింది. విండోస్ 11 జాబితాలో మొదటి తరం రైజెన్‌కి చోటు లేదు. వాడు హైదరాబాదు వెళ్లినప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో రైజెన్ 5 5600 కొనుక్కొచ్చాడు. అదే ఏఎం4 సాకెట్, అవే 1331 పిన్నులు. పాతది తీసి కొత్తది పెడితే అరగంట పని అనుకున్నాడు. బావగారు ఆ డబ్బా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

తర్వాత చరిత్ర మొదలైంది. ఈ 5000 సిరీస్ పాత బోర్డుల మీద నడవదని 2020లో ఏఎండీ చెప్పడం, జనం గోల పెట్టడం, వాళ్లు దిగొచ్చి 400 సిరీస్ బోర్డులకి సరేననడం, 300 సిరీస్ వంతు 2022కి గానీ రాకపోవడం, అన్నీ పంచాయతీ ఎన్నికల ముచ్చట్లంత రంజుగా చెప్తారు. చాలా బోర్డుల్లో బయోస్ చిప్పు 16 మెగాబైట్లే. కొత్తవాటికి చోటివ్వడానికి కొన్నింట్లో పాత ప్రాసెసర్లకి ఉద్వాసన చెప్పాల్సి వచ్చింది. "అదే చిన్న చిప్పు పెట్టినప్పుడు ముందుచూపుండొద్దూ?" అని ఆయన నన్ను నిలదీస్తారు, ఆ చిప్పు పెట్టింది నేనైనట్టు.

కంపెనీలు ప్రతి వెర్షన్ కిందా 'సిస్టమ్ స్టెబిలిటీ మెరుగుపరిచాం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాయి. బావగారు దాన్ని ఉగాదినాడు రాశిఫలం చదివినట్టు చదువుతారు. "మెరుగుపరిచాం అన్నాడంటే ఇన్నాళ్లూ బాగాలేదనేగా అర్థం!"

ఈ పనికని ఆయన దగ్గర ఎర్రదారం కట్టిన 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటుంది. అనుకున్న రోజున దాన్ని గుచ్చితే, బయోస్ తెరలో అసలు కనబడలేదు. వెనక పోర్టులన్నీ అయ్యాయి, ముందు పోర్టులూ అయ్యాయి, ఊది కూడా పెట్టారు. చివరికి లాప్‌టాప్‌లో తెరిస్తే అందులో సినిమా ఉంది. ఎఫ్ఏటీ32 ఫార్మాట్లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు గనక, మావాడు ఆ డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ చేసి సినిమా ఎక్కించుకున్నాడు. ఆ బోర్డుకి ఎఫ్ఏటీ32 తప్ప గిట్టదు. సినిమా ఎగిరిపోయింది, ఫార్మాట్ మారింది. ఈసారి డ్రైవ్ కనబడింది గానీ, ఫైలు చెల్లదంది.

అప్పుడు చూడాలి ఆయన్ని. పంచె ఎగ్గట్టి, బల్ల కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చి కరుచుకుని, క్యాబినెట్ లోపల బోర్డు అంచున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న రివిజన్ నంబరు వెతుకుతున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి పోయింది. ఫోను కెమెరాతో ఫొటో తీసి, పెద్దది చేసి, "1.1! మనం దించింది 1.0 వాళ్లది!" అని అరిచేసరికి టార్చి జారి గుండెల మీద పడింది. ఒకే మోడల్ పేరుతో రివిజన్ మారితే బయోస్ కూడా మారొచ్చని ఎంతమంది చూస్తారు చెప్పండి? అక్కడ మాత్రం నాకు ముచ్చటేసింది.

అసలు భయం కరెంటుది. రాస్తుండగా మధ్యలో పోయిందా, బోర్డు లేవకపోవచ్చు. ఖరీదైన కొన్ని బోర్డులకి ప్రాసెసర్ లేకుండానే బటన్ నొక్కి బయోస్ ఎక్కించుకునే ఏర్పాటుంది. మావాడి బోర్డుకి లేదు. పైగా 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ వాళ్లాఫీసు కంప్యూటర్ ఒకదాని బయోస్‌ని చెరిపేసిందట. అది విండోస్ 95, 98 రోజుల ముచ్చటని ఆయనకీ తెలుసు. అయినా ఏటా ఆ తేదీన ఇంట్లో కంప్యూటర్ పెట్టనివ్వరు. "ఎందుకొచ్చిన గొడవ?"

యూపీఎస్ ఉంది. అది చాలదని సబ్‌స్టేషన్‌కి ఫోన్. "ఏం బాబూ, మన ఫీడరు మీద ఎవరైనా ఎల్‌సీ అడిగారా?" లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సప్లై ఆపించుకోడానికి తీసుకునే అనుమతి అది. లేదన్నాక ఇంట్లో ఉత్తర్వులు: తెర మీద అప్‌డేట్ గీత నిండేదాకా మోటారు వెయ్యకూడదు, మిక్సీ వెయ్యకూడదు.

"పొద్దుటనగా నానబోశాను. ఆ గీత నిండేదాకా నేను పిండి రుబ్బుకోకూడదా?" అంది మా అక్క.

"గ్రైండరేస్తే వోల్టేజి పడిపోతుందే!"

"ముప్ఫయ్యేళ్లూ ఆ వోల్టేజి ఇచ్చింది మీరేగా!"

గీత నిండింది. మెషీను తిరిగి లేచింది, తెర నల్లగా ఉండిపోయింది. మావాడి చెయ్యి పవర్ బటన్ మీదికి వెళ్లింది. "ముట్టుకోకు!" మెమరీని మళ్లీ సరిచూసుకోడానికి బోర్డుకి కొంతసేపు పడుతుంది, మంచి బోర్డుల్ని చంపేది ఈ తొందరే అని ఆయన వాదన. కాసేపటికి లోగో వచ్చింది. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ చెరిగిపోతాయి గనక ముందే ప్రతి తెరకీ ఫొటో తీసి పెట్టుకున్నారు. షష్టిపూర్తి ఆల్బం చూస్తుంటే తలంబ్రాలకీ భోజనాలకీ మధ్య ఫ్యాన్ స్పీడు తగిలేది అందుకే.

మావాడు బీరువా తాళం అడిగాడు.

"ఇవాళ కాదు. ఒకసారికి ఒక్క మార్పే. రేపు తేడా వస్తే తప్పు బయోస్‌దో ప్రాసెసర్‌దో ఎలా తెలుస్తుంది?"

మర్నాడు సాయంత్రం ఆయన గుడికెళ్లగానే, వాళ్లమ్మని బతిమాలి తాళం సంపాదించాడు. కాసేపు గేమ్ ఆడి ప్రాసెసర్ వేడెక్కించి, కూలర్‌ని మెల్లిగా తిప్పి తీశాడు. నిలువునా పీకితే ప్రాసెసర్ పిన్నులతో సహా ఊడొస్తుందని తండ్రి చెప్పింది గుర్తుంది. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్‌ని ముందు సస్పెండ్ చెయ్యాలన్నది గుర్తులేదు. కొత్త ప్రాసెసర్ వచ్చింది, భద్రతా తాళాలు చెరపనా అని బోర్డు అడిగితే 'వై' నొక్కేశాడు. వెంటనే విండోస్ 48 అంకెల కీ అడిగింది.

ఫోన్ చేశాడు. బావగారు ప్రసాదం వరసలో ఉన్నారు. "గ్యాస్ బుక్కు ఆఖరి పేజీ తియ్యమను మీ అమ్మని. నేనొచ్చేదాకా ఒక్క అంకె కొట్టకు."

స్కూటర్ మీద వచ్చేశారు, చేతిలో పులిహోర దొన్నె. ఆరేసి అంకెల చొప్పున, రెండేసిసార్లు చదివారు. విండోస్ తెరుచుకుంది. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "మెమరీ స్పీడెంత చూపిస్తోంది?" అన్నారు.

"2133."

"ఎంతుండాలి?"

"3200."

దొన్నె అక్క చేతికిచ్చి, జేబులోంచి ఫోను తీసి, తలంబ్రాల ఫొటోలు దాటించుకుంటూ, "రీస్టార్ట్ చేసి డిలీట్ కీ నొక్కుతూ ఉండు, నేను చెప్పేదాకా ఆపకు" అన్నారు.