ఎనుబదెనిమిదికి టీక

మూలం లేనిదే టీక రాయకూడదు. 1985 జూలైలో అమెరికాలో విడుదలైన 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమాలో ఒక కుర్రాడు దుండగుల నుంచి కారులో పారిపోతూ ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి పడతాడు. ఆ ఘట్టానికి తెలుగులో పద్యం లేని లోటు నేనే తీర్చి, దాని కింద వ్యాఖ్య కూడా నేనే పెడుతున్నాను. మూలకర్తకు తెలియని అర్థాలు తీయడం వ్యాఖ్యాతలకు కొత్త కాదు. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోవడమే కొత్త.

మూలం

ఆ.వె.
వెనుక బండి తరుమ భీతుడై కాలూని
యెనుబదెనిమి దంట నేగె నతడు
నేటి నుండి జారి నిన్నటి పాకలో
పడియె వాడు బండి పట్టు దప్పి

ప్రతిపదార్థం

వెనుక = వెన్నంటి; బండి = ఫోక్స్‌వ్యాగన్ వ్యాను; తరుమన్ = తరుముచుండగా; భీతుడై = భయపడినవాడై; కాలు ఊని = ఆక్సిలరేటరు మీద కాలు అదిమి; ఎనుబదెనిమిది = గంటకు 88 మైళ్లను, అనగా సుమారు 142 కిలోమీటర్లను; అంటన్ = ముల్లు తాకగా; అతడు = మార్టీ మెక్‌ఫ్లై అను పదిహేడేళ్ల బాలుడు; ఏగెన్ = పోయెను; నేటి నుండి = 1985 అక్టోబరు 26 నుండి; జారి = జారి (దీని సంగతి ముందు చూడనగును); నిన్నటి పాకలో = 1955 నవంబరు 5 నాటి పశువుల కొట్టంలో; వాడు = పైన చెప్పిన అతడే; బండి = డెలోరియన్ కారు; పట్టు దప్పి = అదుపు తప్పి; పడియెన్ = పడెను.

తాత్పర్యం

తరిమితే పారిపోయాడు. పారిపోతే కాలం దాటింది. దాటాక గడ్డిలో దిష్టిబొమ్మను గుద్ది కొట్టంలోకి దూరాడు.

విశేషాలు

'బండి' రెండుసార్లు వచ్చింది గదా, పునరుక్తి దోషమేనా? కాదు. మొదటిది తరిమేది, రెండోది పారిపోయేది. రెండో పాదంలో 'అతడు' నాలుగో పాదానికి 'వాడు' అయ్యాడు. పరాయివాడి కొట్టాన్ని కారుతో బద్దలు కొట్టినవాడికి అంతకు మించిన మర్యాద దొరకదు. ఆ పొలం ఆసామి పీబాడీ అయితే తుపాకీయే తీశాడు.

తరిమినవాళ్లు ఎవరు? ప్లుటోనియం ఇచ్చి బాంబు చేసిపెట్టమన్న లిబియా దుండగులు. మార్టీకి గురువులాంటి డాక్టర్ ఎమ్మెట్ బ్రౌన్ ఆ ప్లుటోనియాన్ని డెలోరియన్‌లో కట్టిన తన కాలయంత్రానికి వాడుకుని, వాళ్ల చేతిలో పిన్‌బాల్ యంత్రాల పాత విడిభాగాలు నింపిన డొల్ల పెట్టాడు. కాబట్టి వాళ్లు శత్రువులా, మోసపోయిన గిరాకీలా అని శంక. వాళ్ల కోపం న్యాయమే, తుపాకీ కాదు. పద్యంలో 'శత్రువు' అన్న మాట వాడకుండా 'బండి తరుమ' అని ఊరుకోవడం కవి చాకచక్యం. ఆ కవిని ఇంతకంటే పొగడటానికి మొహమాటం అడ్డొస్తోంది.

ఇక 'కాలూని'. పాఠకులంతా కాలునే చూస్తారు. కాలు వేగాన్ని మాత్రమే ఇచ్చింది. మార్టీ గేరు మారుస్తుండగా చెయ్యి తగిలి కాలయంత్రం మీట పడింది. అది పడకపోతే 88 దాటినా వ్యాను తరుముతున్న పార్కింగ్ స్థలంలోనే ఉండేవాడు. ఈ చెయ్యి మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. తేదీ కూడా అతను పెట్టుకున్నది కాదు. యంత్రం ఎలా పనిచేస్తుందో చూపిస్తూ డాక్టరు 1955 నవంబరు 5 అని నొక్కి అలాగే వదిలేశాడు. ఆ రోజు ఆయన బాత్రూంలో గడియారం తగిలించబోయి జారిపడి, తల సింకుకు కొట్టుకుని, ఆ దెబ్బతోనే కాలయానపు ఊహ తెచ్చుకున్నాడు. మూడో పాదంలోని 'జారి' గురువుకూ శిష్యుడికీ సమానంగా అన్వయిస్తుంది. శ్లేష అంటే ఇదీ.

కాబట్టి 'పట్టు దప్పి' అన్నది కొట్టం దగ్గర అన్వయించడం పొరపాటు. ఎక్కేటప్పటికే ఆ బండి మీద అతనికి పట్టు లేదు. తేదీ డాక్టరుది, మీట మోచేతిది, తొందర వెనకనున్న వ్యానుది. అతనిదంటూ ఉన్నది భయం ఒక్కటే, దాన్ని మొదటి పాదంలోనే చెప్పేశాం. దిగే చోటు విషయంలో మన వాళ్లు అదృష్టవంతులు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీసినప్పుడు యంత్రం 1526లో రాయలవారి విజయనగరంలో దిగింది. మార్టీకి దక్కింది ఆవులు.

పాఠాంతరం: తొలి రాతప్రతుల్లో కాలయంత్రం కారు కాదు, ఫ్రిజ్. దాన్ని అణుపరీక్ష జరిగే చోటికి తీసుకెళ్లాలి. పిల్లలు అనుకరించి ఇంట్లో ఫ్రిజ్‌లోకి దూరతారేమోనని దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, రచయిత బాబ్ గేల్ మానుకున్నారు. 'బండి' తీసి 'ఫ్రిజ్జు' పెట్టినా ఆటవెలదికి గణాలు సరిపోతాయి. అయినా ఫ్రిజ్‌ను తరమడం రసభంగమని నా మతం.

ఎనుబదెనిమిది

అసలు గ్రంథి ఇక్కడుంది. చమురు కొరత వచ్చినప్పుడు 1974లో అమెరికా దేశమంతటా రోడ్డు మీద 55 మైళ్లకు మించరాదని చట్టం చేసింది. 1979 నుంచి స్పీడోమీటరు మీద 85కు పైన అంకెలు వేయకూడదని, 55 మాత్రం కొట్టొచ్చినట్టు కనబడాలని కూడా నియమం పెట్టారు. అంకె కనబడకపోతే కాలు ఆగుతుందని ఢిల్లీ ఫైళ్లలో రాసినా నమ్ముతాం, కానీ రాసింది వాషింగ్టన్‌లో. బెల్‌ఫాస్ట్ పక్కన డన్మరీలో 1981 నుంచి తయారైన డెలోరియన్ అమెరికా కోసమే కాబట్టి, దాని ముల్లు 85 దగ్గరే ఆగింది. కాలం దాటించే వేగం ఆ కారు మీటరులో లేనే లేదు! చివరికి సినిమా వాళ్లు 95 దాకా ఉన్న డయల్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ 85 నియమానికి మూడు మైళ్ల అవతల కాలద్వారం పెట్టడం రచయితల కొంటెతనమని కొందరంటారు. పలకడానికి బాగుంది గనక పెట్టారని నేనంటాను.

ఆ కారు కంపెనీ కథ కూడా పాకలోనే ముగిసింది. సుమారు 9,000 కార్లు చేసి 1982లో మూతపడింది. యజమాని జాన్ డెలోరియన్‌ను ఆ అక్టోబరులో కొకైన్ కేసులో అరెస్టు చేశారు, 1984లో నిర్దోషిగా విడిచిపెట్టారు. సినిమా తెర మీదికి వచ్చేసరికి కారు గతంలో కలిసిపోయి మూడేళ్లయింది. తన కారును బతికించినందుకు ఆయన సినిమా వాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి హైవే ఎక్కే డాలస్, ఆస్టిన్ తెలుగువారికి ఒక మనవి. 55 చట్టం 1995లో పోయింది. టెక్సస్‌లో 130వ నంబరు రాష్ట్ర రహదారి మీద ఆస్టిన్ దక్షిణం నుంచి సెగీన్ దాకా 2012లో ఒక వేగపరిమితి పెట్టారు. అమెరికాలో అంతకు మించిన పరిమితి లేదు. అది గంటకు 85 మైళ్లు.